ఆ లెక్కలోకి ఎవరొస్తారు? అమెరికా ప్రసంగాల వెనక తెగని తగాదా

1863 నవంబర్ 19న పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో అబ్రహాం లింకన్ తన ప్రసంగాన్ని ఒక లెక్కతో మొదలుపెట్టాడు. ఎనభై ఏడేళ్ల కిందట మన పూర్వీకులు ఈ నేల మీద ఒక కొత్త జాతికి పురుడు పోశారన్నాడు. ఎలక్యూషన్ పోటీల్లో మన పిల్లలు ఆ మొదటి మాటల్ని గడగడా అప్పజెప్పేస్తారు గానీ, తీసివేత చేసి చూసేవాళ్లు తక్కువ. 1863లోంచి 87 తీసేస్తే 1776. అది స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఏడాది. అమెరికా రాజ్యాంగం రాసుకున్నది 1787లో. దేశం రాజ్యాంగంతో పుట్టిందనుకుంటే లింకన్ 76 ఏళ్లని చెప్పాలి. చెప్పలేదు, అదీ కావాలనే.

స్వేచ్ఛ గురించి, సమానత్వం గురించి అమెరికాలో పేరుమోసిన ప్రసంగాలు చాలావరకు ఈ పదకొండేళ్ల తేడా చుట్టూనే తిరుగుతాయి. మనకు అవి విడివిడిగా, కొటేషన్ల రూపంలో పరిచయం. లింకన్‌ది ఒక ముక్క, మార్టిన్ లూథర్ కింగ్‌ది ఒక ముక్క. వరసలో పెట్టి చదివితే మాత్రం ఒకే కేసులో తరతరాలుగా దాఖలవుతున్న వాదనల్లా ఉంటాయి. ఒకరి మాటకు ఇంకొకరు జవాబిస్తుంటారు. కేసు ఏమిటంటే, 1776 నాటి ప్రకటనలో 'మనుషులంతా సమానంగా పుట్టారు' అని ఉంది కదా, ఆ లెక్కలోకి ఎవరొస్తారు?

ఆ వాక్యం రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసల్ని సొంత ఆస్తిగా ఉంచుకున్నాడు. పదకొండేళ్ల తర్వాత వచ్చిన రాజ్యాంగంలో బానిస అనే మాట ఎక్కడా కనపడదు. బానిసత్వం మాత్రం కనపడుతుంది. పారిపోయినవాణ్ని యజమానికి అప్పగించాలన్నారు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చి అమ్మే వ్యాపారాన్ని 1808 దాకా అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ నిషేధించకూడదన్నారు. జనాభా లెక్కల్లో ఐదుగురు బానిసల్ని ముగ్గురి కింద కట్టారు. ఈ చివరిదాన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు, బానిసను ఐదింట మూడు వంతుల మనిషిగా చూశారు, అదీ అవమానం అని. అసలు సంగతి అంతకంటే ఘోరం. బానిసల్ని పూర్తిగా లెక్కపెట్టమని పట్టుబట్టింది యజమానులే. ఆ జనాభా చూపించి ప్రతినిధుల సభలో ఎక్కువ సీట్లు తెచ్చుకోవచ్చు, ఓటు మాత్రం బానిసకు ఉండదు. బానిసలు పెరిగేకొద్దీ యజమాని బలం వాషింగ్టన్‌లో పెరుగుతుంది.

కాబట్టి ప్రకటన ఒక మాట చెబుతోంది, చట్టం ఇంకో పని చేస్తోంది. దీన్ని అమెరికన్ల మొహం మీదే అడిగినవాడు ఫ్రెడరిక్ డగ్లస్.

డగ్లస్ మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. 1838లో బాల్టిమోర్ నుంచి తప్పించుకుని ఉత్తరాదికి చేరాడు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్థిరపడి పత్రిక నడిపాడు. 1852లో అక్కడి మహిళల బానిసత్వ వ్యతిరేక సంఘం జూలై 4 స్వాతంత్ర్య దినోత్సవ సంబరాల సందర్భంగా మాట్లాడమని పిలిచింది. ఆ ఏడు నాలుగో తేదీ ఆదివారం పడింది. పైగా న్యూయార్క్ నల్లజాతి వాళ్లకు ఐదో తేదీన పండగ చేసుకునే అలవాటు కూడా ఉంది. డగ్లస్ 5న కొరింథియన్ హాల్లో సుమారు 600 మంది ముందు నిలబడ్డాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, అతని వైపు వాళ్లే.

మొదట దేశ నిర్మాతల్ని మెచ్చుకున్నాడు. ధైర్యవంతులు, గొప్పవాళ్లు అన్నాడు. కాకపోతే ప్రతిచోటా 'మీ' అనే అంటాడు. మీ తండ్రులు, మీ దేశం, మీ పండగ. వినేవాళ్లకు అది మర్యాదలాగే వినిపించి ఉంటుంది, కాసేపు. ఆ తర్వాత తిప్పాడు. ఈ జూలై నాలుగు మీది, నాది కాదు, మీరు సంబరపడండి, నేను దుఃఖించాలి అన్నాడు. కాళ్లకు సంకెళ్లున్నవాణ్ని స్వేచ్ఛా మందిరంలోకి ఈడ్చుకొచ్చి మీతో కలిసి పాడమనడం ఎగతాళి చేయడమే అన్నాడు.

అక్కడ ఆగిపోయి ఉంటే అది మంచి కోపంతో కూడిన ప్రసంగం అయ్యేదంతే. డగ్లస్ వివరాల్లోకి దిగాడు. చిన్నప్పుడు బాల్టిమోర్ రేవు దగ్గర ఉన్న ఇంట్లో పడుకుంటే, అర్ధరాత్రి గొలుసులతో కట్టిన మనుషుల బరువైన అడుగుల చప్పుడు, వాళ్ల ఏడుపులు వినపడి మెలకువ వచ్చేదని చెప్పాడు. వాళ్లను న్యూ ఆర్లీన్స్ వెళ్లే ఓడలెక్కించడానికి చీకట్లో నడిపించుకెళ్లేవారు. తర్వాత 1850 నాటి పారిపోయిన బానిసల చట్టాన్ని తీశాడు. పట్టుబడ్డ మనిషిని బానిసగా తేల్చి వెనక్కి పంపితే ఆ అధికారికి 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5. న్యాయానికి రేటు కట్టిన ఈ చట్టాన్ని చేసింది దక్షిణాది మాత్రమే కాదు, మీ కాంగ్రెస్, మీ వాషింగ్టన్ అని గుర్తుచేశాడు.

ఈ ప్రసంగంలో జనం సాధారణంగా దాటేసే భాగం చివర్లో ఉంది. అప్పట్లో బానిసత్వ వ్యతిరేకుల్లోనే రెండు వర్గాలుండేవి. విలియం లాయిడ్ గారిసన్ వర్గం రాజ్యాంగం పుట్టుకతోనే పాపిష్టిదనేది. 1854 జూలై 4న గారిసన్ ఒక సభలో దాని ప్రతిని బహిరంగంగా తగలబెట్టాడు కూడా. డగ్లస్ కూడా ఒకప్పుడు ఆ వర్గమే. కానీ 1852 నాటికి మనసు మార్చుకున్నాడు. రాజ్యాంగంలో బానిసత్వానికి నేరుగా పేరు పెట్టలేదు కదా, అలాంటప్పుడు దాన్ని స్వేచ్ఛ వైపే చదవాలి, అది గొప్ప స్వేచ్ఛా పత్రం అన్నాడు. చరిత్ర ప్రకారం ఈ వాదన కొంచెం సాగదీసినదే అని నాకనిపిస్తుంది. రాజకీయంగా మాత్రం చాలా తెలివైనది. కాగితాన్ని తగలబెడితే ఆ కాగితం పెట్టి అడిగే హక్కు కూడా పోతుంది.

ఐదేళ్లకే సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. 1857లో, తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, ఆఫ్రికా సంతతి వాళ్లు ఈ దేశ పౌరులు కాలేరని, స్వాతంత్ర్య ప్రకటనలోని ఆ వాక్యం రాసేటప్పుడు వాళ్లు ఎవరి మనసులోనూ లేరని తీర్పిచ్చాడు. నల్లవాడికి తెల్లవాడు గౌరవించాల్సిన హక్కులేవీ లేవన్న అపఖ్యాతి మాట ఆ తీర్పులోదే. లింకన్ రాజకీయంగా పైకి రావడానికి ఈ తీర్పు మీద అతను చేసిన పోరాటం ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మళ్లీ గెటిస్‌బర్గ్‌కు వద్దాం. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధంలో భాగంగా 1863 జూలై 1 నుంచి 3 దాకా అక్కడ జరిగిన పోరులో రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు సుమారు 51,000 మంది. ఎండల్లో హడావుడిగా పైపైన పూడ్చిన శవాలు వానలకు బయటపడుతుంటే, డేవిడ్ విల్స్ అనే స్థానిక లాయరు ముందుండి జాతీయ శ్మశానవాటిక పని మొదలుపెట్టించాడు. ముఖ్య వక్త లింకన్ కాదు, ఆ కాలపు మహావక్త ఎడ్వర్డ్ ఎవరెట్. అక్టోబర్ 23న అనుకున్న కార్యక్రమాన్ని ఆయన తయారీ కోసమే నవంబర్ 19కి జరిపారు. అధ్యక్షుడికి పంపిన పిలుపులో అడిగింది సందర్భానికి తగిన నాలుగు మాటలు చెప్పమని మాత్రమే. సభ రోజుకు శవాల్ని తీసి మళ్లీ పాతే పని ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాటికలో చోటు దక్కింది కూడా ఉత్తరాది సైనికులకే.

ఎవరెట్ దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. లింకన్ సుమారు 270 మాటల్లో, రెండు నిమిషాల్లో ముగించాడు. రైల్లో కవరు వెనక గీకి రాశాడనే కథ ఉత్త కల్పన, ముందే ఆలోచించి రాసుకున్నదే. అతని చేతిరాతలో ఐదు ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. అన్నీ అచ్చంగా ఒకలా ఉండవు. ఇంత పేరున్న ఈ ప్రసంగంలో బానిసత్వం అనే మాట లేదు. ఉత్తరం, దక్షిణం, శత్రువు అనే మాటల్లేవు. ఆఖరికి ఊరి పేరు కూడా లేదు. ఉన్నదల్లా 1776, సమానత్వం అనే ప్రతిపాదన, అది నిలబడుతుందో లేదో తేల్చే పరీక్షే ఈ యుద్ధమన్న వాదన, స్వేచ్ఛకు కొత్త పుట్టుక రావాలన్న పిలుపు. యుద్ధం మొదలైంది దేశం ముక్కలు కాకుండా ఆపడానికి. శవాల పక్కన నిలబడి, రెండు నిమిషాల్లో, దాని లక్ష్యాన్నే సమానత్వంగా మార్చేశాడు లింకన్.

ఇది అప్పట్లో అందరికంటే స్పష్టంగా పట్టుకున్నది లింకన్ వ్యతిరేకులే. చికాగో టైమ్స్ మండిపడింది. ఈ సైనికులు చచ్చిపోయింది రాజ్యాంగం కోసం, నల్లవాళ్ల సమానత్వం కోసం కాదు, వాళ్ల సమాధుల మీద నిలబడి ఆ కారణాన్నే మార్చి చెప్పడానికి ఎంత ధైర్యం అని రాసింది. ఒక రకంగా అది నిజమే కూడా. అభిమానులు చప్పట్లు కొట్టి మరిచిపోయిన విషయాన్ని ప్రత్యర్థి పత్రిక పట్టుకుంది. హారిస్‌బర్గ్‌లోని మరో పత్రిక అవి పనికిమాలిన మాటలని తీసిపారేసింది. దాని వారసత్వ పత్రిక 2013లో, నూట యాభై ఏళ్ల తర్వాత, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నామని సరదాగా సవరణ ప్రచురించింది.

నన్నడిగితే లింకన్ ప్రసంగాల్లో అన్నిటికంటే కఠినమైనది గెటిస్‌బర్గ్‌ది కాదు, 1865 మార్చి 4న రెండోసారి ప్రమాణం చేసినప్పటిది. గెలుపు దగ్గర్లో ఉంది. జనం విజయోత్సవం కోసం వచ్చారు. లింకన్ దాదాపు 700 మాటల్లో వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. ఈ యుద్ధానికి బానిసత్వమే ఏదో రకంగా కారణమని అందరికీ తెలుసన్నాడు. ఆ పాపం దక్షిణాది ఒక్కదానిదే అనలేదు, శిక్ష రెండు వైపులకూ పడిందన్నాడు. 250 ఏళ్ల వెట్టి శ్రమతో పోగైన సంపదంతా కరిగిపోయేదాకా, కొరడా తీసిన ప్రతి రక్తపు బొట్టుకూ కత్తి ఇంకో బొట్టు చెల్లించేదాకా ఈ యుద్ధం సాగాలన్నది దేవుడి చిత్తమైతే, అది న్యాయమైన తీర్పే అన్నాడు. దేశాధినేత ప్రమాణ స్వీకారం రోజున సొంత ప్రజలతో అనే మాటలేనా ఇవి? జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ తర్వాత వచ్చే ఎవరి మీదా పగ లేకుండా, అందరి మీదా దయతో అన్న మెత్తటి ముగింపునే.

ఆ సాయంత్రం వైట్‌హౌస్ విందుకు డగ్లస్ వెళితే తలుపు దగ్గర పోలీసులు ఆపారు. లింకన్‌కు కబురు వెళ్లాకే లోపలికి రానిచ్చారు. నా ప్రసంగం ఎలా ఉందని అధ్యక్షుడు అడిగాడు. అదొక పవిత్రమైన ప్రయత్నం అన్నాడు డగ్లస్. ఆరు వారాలు తిరక్కుండానే లింకన్ హత్యకు గురయ్యాడు.

ఇక్కణ్నుంచి తగాదా రెండో దశలోకి వెళ్లింది. యుద్ధం అయిపోయింది, బానిసత్వం రద్దయింది. మరి ఈ యుద్ధాన్ని దేనికని గుర్తుపెట్టుకోవాలి?

మొదట స్పందించినవాళ్లలో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నల్లజాతి జనం ఉన్నారు. అక్కడి గుర్రప్పందేల మైదానాన్ని దక్షిణాది సైన్యం ఖైదీల శిబిరంగా వాడింది. చచ్చిపోయిన 257 మంది ఉత్తరాది సైనికుల్ని ఒకేచోట పూడ్చిపెట్టింది. నల్లజాతి కూలీలు వాళ్లను బయటికి తీసి ఎవరికి వారికి విడిగా సమాధి కట్టి, చుట్టూ కంచె వేశారు. 1865 మే 1న దాదాపు 10,000 మంది, ముందు వరసల్లో బడిపిల్లలు, పూలతో ఊరేగింపుగా వెళ్లారు. చరిత్రకారుడు డేవిడ్ బ్లైట్ వెలికితీసేదాకా ఈ సంగతి దేశానికి దాదాపుగా తెలియదు. 1868 మే 30న మాజీ సైనికుల సంఘం పిలుపుతో దేశవ్యాప్తంగా మొదలైన సమాధుల అలంకరణ రోజే తర్వాత మెమోరియల్ డే అయింది.

సమాధుల మీద పూలు చల్లడంలో ఒక చిక్కుంది. చనిపోయినవాళ్లంతా ధైర్యవంతులే, రెండు వైపులా త్యాగమే అనేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. 1871 మే 30న ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో డగ్లస్ ఈ ధోరణికే అడ్డం తిరిగాడు. జాతిని కాపాడటానికి కొట్టిన దెబ్బనూ, జాతిని చంపడానికి కొట్టిన దెబ్బనూ ఒకే గౌరవంతో చూడమంటే కుదరదన్నాడు. ఈ యుద్ధాన్నే మరిచిపోవాలంటే ఇక మనుషులు గుర్తుపెట్టుకోవాల్సింది ఏముంటుంది అని అడిగాడు.

1876 ఏప్రిల్ 14న, లింకన్ మీద కాల్పులు జరిగి సరిగ్గా పదకొండేళ్లయిన రోజున, వాషింగ్టన్‌లో ఒక విగ్రహాన్ని ఆవిష్కరించారు. నిలబడ్డ లింకన్, పాదాల దగ్గర మోకాళ్ల మీద లేస్తున్న నల్లజాతి మనిషి. చందాలిచ్చింది విముక్తులైన బానిసలే. మొదటి ఐదు డాలర్లు షార్లెట్ స్కాట్ అనే ఆమె ఇచ్చింది. అధ్యక్షుడు గ్రాంట్ ముందు కూర్చుని ఉండగా డగ్లస్ మాట్లాడాడు. లింకన్ ప్రధానంగా తెల్లవాళ్ల అధ్యక్షుడు, మీరు ఆయన సొంత బిడ్డలు, మేము మహా అయితే సవతి బిడ్డలం అన్నాడు. బానిసత్వ వ్యతిరేకి కళ్లతో చూస్తే లింకన్ నత్తనడక మనిషి, చల్లబడ్డ మనిషి అన్నాడు. దేశం మనసుతో పోల్చి చూస్తే వేగం, పట్టుదల, తెగువ ఉన్న మనిషి అని కూడా అన్నాడు. నివాళి ప్రసంగాల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకొకటి నా దృష్టికి రాలేదు. మన దగ్గర వర్ధంతి సభల్లో ఎవరైనా ఇలా మాట్లాడితే మైకు కట్ చేస్తారు.

విగ్రహం కూడా డగ్లస్‌కు నచ్చలేదు. కొద్ది రోజులకే ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. చనిపోయేలోగా నల్లవాణ్ని మోకాళ్ల మీద కాకుండా మనిషిలా తన కాళ్ల మీద నిలబెట్టిన విగ్రహం చూడాలని ఉందన్నాడు. ఆ ఉత్తరం 2020లో మళ్లీ దొరికింది. బోస్టన్ అదే ఏడాది డిసెంబరులో తన దగ్గరున్న నకలు విగ్రహాన్ని తీసేసింది.

డగ్లస్ వాదన ఆయన తరంలోనే ఓడిపోయింది. 1877 నాటికి దక్షిణాదిలో కేంద్ర సైన్యం పహరా ముగిసింది. 1896లో సుప్రీంకోర్టు 'వేరువేరుగా ఉన్నా సమానమే' అని నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుచేసే విభజనకు ముద్ర వేసింది. 1913లో గెటిస్‌బర్గ్ యాభై ఏళ్ల సభకు రెండు సైన్యాల ముసలి సైనికులు 50,000 మందికి పైగా వచ్చారు. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పాత తగాదా మరుపున పడింది, మళ్లీ అన్నదమ్ములమయ్యాం అన్నాడు. అదే ఏడాది అతని ప్రభుత్వం ఖజానా, తపాలా శాఖల్లో నల్లజాతి ఉద్యోగుల్ని విడదీసి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. 1922 మే 30న లింకన్ స్మారక మందిరం తెరిచినప్పుడు నల్లజాతి అతిథులకు విడిగా చోటు కేటాయించారు. నల్లజాతి తరఫు వక్త రాబర్ట్ మోటన్ ముందుగా రాసుకున్న ప్రసంగంలో, సమానత్వాన్ని నిజం చేయకపోతే ఈ మందిరం ఉత్త బూటకం అన్న భాగం ఉంది. దాన్ని నిర్వాహకులు తీయించేశారు.

1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నిలబడింది ఆ మందిరం మెట్ల మీదే. ముందు సుమారు రెండున్నర లక్షల జనం. గెటిస్‌బర్గ్ లెక్కనే అనుకరిస్తూ, వందేళ్ల కిందట అని మొదలుపెట్టాడు. వెంటనే డబ్బు లెక్కలోకి దిగాడు. నిర్మాతలు రాసిన మాటలు ఒక ప్రామిసరీ నోటు, దేశం నల్లవాళ్ల చేతికి చెల్లని చెక్కు ఇచ్చింది, అకౌంట్‌లో డబ్బుల్లేవని తిప్పి పంపింది అన్నాడు. డగ్లస్ 1852లో ఎంచుకున్న దారి ఇదే. కాగితం అబద్ధమనడు, బాకీ తీర్చమంటాడు.

చేతిలోని ప్రతిలో కల గురించిన భాగం లేదు. ప్రసంగం చివరికొస్తుండగా గాయని మహాలియా జాక్సన్ వెనకనుంచి, ఆ కల సంగతి చెప్పు మార్టిన్ అని కేకేసింది. అంతకుముందు డెట్రాయిట్‌లోనూ ఇతర చోట్లా చెప్పిన భాగమే అది. కాగితం పక్కన పెట్టి దానిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఊరేగింపు పూర్తి పేరు ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్ యాత్ర. గంటకు 2 డాలర్ల కనీస వేతనం వాళ్ల డిమాండ్లలో ఒకటి. అప్పుడున్నది 1.15. ఇవాళ కల అందరికీ తెలుసు, చెక్కు కొందరికి తెలుసు, కనీస వేతనం ఎవరికీ తెలియదు.

బతికుండగా కింగ్ అందరికీ ఇష్టుడేమీ కాదు. 1966 గాలప్ సర్వేలో 63 శాతం అమెరికన్లు ఆయన మీద వ్యతిరేక అభిప్రాయమే చెప్పారు. చనిపోయాక, 1983లో ఆయన జయంతిని జాతీయ సెలవు దినం చేశారు. పిల్లల్ని ఒంటి రంగుతో కాకుండా గుణంతో చూడాలన్న వాక్యాన్ని పట్టుకుని, చూశారా, కోటాలు వద్దని ఆయనే అన్నాడు అని వాదించేవాళ్లూ వచ్చారు. 1964లో అచ్చయిన తన పుస్తకంలో మాత్రం కింగ్ పరిహారంగా ప్రత్యేక చర్యలు కావాలనే రాశాడు. అందుకు ఉదాహరణ మన దేశం నుంచే తీసుకున్నాడు. 1959లో ఇక్కడికి వచ్చినప్పుడు, కాలేజీ సీటుకు దళితుడు, పైకులస్థుడు పోటీపడితే దళితుడికే ఇవ్వాలని నెహ్రూ చెప్పాడట. అది వివక్ష కాదా అని కింగ్ వెంట ఉన్నాయన అడిగితే, అయితే కావచ్చు, శతాబ్దాల అన్యాయానికి ఇది మా ప్రాయశ్చిత్తం అన్నాడట నెహ్రూ.

ఈ తగాదాతో తెలుగువాళ్లకు నేరుగా సంబంధం ఉంది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. 1946లో ఆ అడ్డు తొలగించినా ఏడాదికి వందమందికే కోటా ఇచ్చారు. వాషింగ్టన్ యాత్ర తర్వాత 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని వడగట్టే పాత కోటాల పద్ధతి కూడా ఆ గాలికే నిలవలేకపోయింది. 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛా విగ్రహం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలాది మంది బతుకుల్ని మార్చేది కాదు అన్నాడు కూడా. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న ఏ తెలుగు కుటుంబాన్ని అడిగినా ఆ అంచనా ఎంత తప్పో చెబుతుంది.

డ్రెడ్ స్కాట్ తీర్పును కొట్టేయడానికే 1868లో 14వ సవరణ వచ్చింది. అమెరికా గడ్డ మీద, ఆ దేశ చట్ట పరిధిలో పుట్టినవాళ్లంతా పౌరులేనని అందులో రాశారు. అక్కడ పుట్టిన తెలుగు పిల్లల పాస్‌పోర్టుల వెనకున్నది ఈ సవరణే. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ దీనికి కొత్త అర్థం చెబుతూ ఉత్తర్వు ఇచ్చాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వంగానీ గ్రీన్‌కార్డుగానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం రాదన్నాడు. ఫిబ్రవరి 19 గడువు దాటకముందే సిజేరియన్ చేయించుకోవచ్చా అని భారతీయ దంపతులు డాక్టర్లను అడుగుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. కింది కోర్టులు ఉత్తర్వు అమలును ఆపాయి, వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. హెచ్‌వన్‌బీ వీసా టెన్షన్‌తో ఆ వాదనలు విన్నవాళ్ల చెవిన పడ్డ పాత కేసుల్లో డ్రెడ్ స్కాట్ ఒకటి.